మినియాపోలిస్‌లో ఒక హోస్టా దుబ్బు

2023 మే మొదటివారంలో బెంగళూరులో విమానమెక్కి, ఆమ్‌స్టర్‌డామ్‌లో మారి, మా అమ్మాయి ఉండే మినియాపోలిస్ చేరాను. మన హోసూరులో అది మామిడికాయల కాలం. అక్కడ మేపుల్ చెట్లు అప్పుడప్పుడే చిగురిస్తున్నాయి. పొద్దున స్వెట్టరు లేకుండా గడప దాటలేం.

ఈసారి ఒంటరి ప్రయాణం. 2016లో మావారితో కలిసి వెళ్ళాను. అప్పుడు పొరుగింటి పెద్దావిడ ఇచ్చిన చిన్న మొక్కను ఆయన పెరట్లో మేపుల్ నీడన నాటారు. దాని పేరు హోస్టా. 2020లో ఆయన పోయారు. మొక్క మాత్రం బుట్టంత దుబ్బు కట్టింది.

అమ్మాయి వాళ్ళు ఆ ఇల్లు అమ్మి ఊరికి అవతలివైపు మారుతున్నారు. అక్కడ భూమిలో ఉన్న మొక్క కూడా ఇంటితో పాటే కొన్నవారిదవుతుందట. ముందే మాట్లాడుకుని, సగం తీసుకుని సగం వదిలేలా ఒప్పించారు. సగం అంటే కొయ్యాలిగా!

"నాన్న నాటింది, కత్తి పెట్టకే" అన్నాను.

"మనం అరటి పిలక తీయమా అమ్మా? ఇదీ అంతే" అంది.

హోస్టా జపాను, కొరియా, చైనా దేశాల మొక్క. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హోస్ట్ పేరు దీనికి 1812లో పెట్టారు. ఆకే దీని అందం: తమలపాకు తీరు, లోతైన ఈనెలు. జపానులో లేత పిలకలు కూర వండుకుంటారట. ఆ సంగతి ముందే తెలిస్తే పప్పులో వేసి చూసేదాన్నే! చలికాలంలో పైన ఏమీ మిగలదు. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయినా నేలలో వేరు బతికే ఉంటుంది. ఆ చలి నిద్ర దానికి కావాలి కూడా. ఒక ముక్క తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుందామని నాకు ఆశ పుట్టిన మాట నిజమే. అనుమతి పత్రాల సంగతి అటుంచితే, ఎంత చల్లని ఊరని చెప్పుకున్నా హోసూరులో ఇది నిలవదు.

ఆకులు విచ్చకముందే ఈ పని కావాలి. అల్లుడు జానెడు ఎడంగా చుట్టూ పార దించి దుబ్బును పైకి లేపాడు. నీళ్ళు పోసి మట్టి కడిగితే తాళ్ళలాంటి తెల్లటి వేళ్ళు, వాటిపైన ఊదారంగు మొనలతో పిలకలు. లెక్కపెడితే పదకొండు. చేత్తో విడదీయబోతే రాలేదు. బ్రెడ్డు కోసే కత్తి తెచ్చి సబ్బుతో కడిగింది. మొక్క రసంతో అంటుకునే వైరసు ఒకటుందట. ప్రతి ముక్కకూ రెండు మూడు పిలకలు, కింద వేళ్ళు ఉండాలి. కత్తి దిగుతుంటే కరకరమంది. నేను అటు తిరిగి నిలబడ్డాను. రెండో కోత మాత్రం నేనే కోశాను.

ఆరు పిలకలు పాతచోటే ఉంచి, ఐదింటిని కొత్త ఇంట ఉత్తరపు గోడ నీడన నాటాం. ఇదివరకు ఎంత లోతున ఉన్నాయో అంతే లోతు. రెండుపూటలా నీళ్ళు పోస్తుంటే "వేళ్ళు కుళ్ళుతాయమ్మా" అని చెంబు లాక్కుంది. నేను తిరిగి వచ్చేనాటికి ఆకులు విచ్చాయి గాని చిన్నవే. మళ్ళీ దుబ్బు కావాలంటే రెండు మూడేళ్ళు పడుతుందట.

శీతాకాలమంతా ఫోనులో అడుగుతూనే ఉన్నాను. "మంచు కింద ఏం కనబడుతుందమ్మా" అనేది. 2024 ఏప్రిల్ ఆఖరున ఫోటో పంపింది. ఏడు మొనలు! అందులో ఒకదాన్ని కుందేలు కొరికేసిందట. చుట్టూ వైరు జాలీ కట్టమన్నాను.