చఢాయీలో బండికి దమ్

మన ఇళ్లల్లో పాత టెంపో ట్రావెలర్ కొన్నామంటే మొదటి వారంలోనే వెనక రెండు వరసల సీట్లు పీకేస్తాం. ఆ ఖాళీలో ప్లైవుడ్ బల్ల, దాని మీద పరుపు, కింద గ్యాస్ పొయ్యి, దేగ్చీలు, బియ్యం మూట. పైన ఇనుప క్యారియర్, దాని మీద నీళ్ల ట్యాంకు. విదేశాల్లో దీన్నే మోటర్ హోమ్ అని పెద్ద రేట్లకు అమ్ముతారు. మా వీధిలో దర్గా బండి అంటారు. పెనుకొండ బాబా ఫఖ్రుద్దీన్ ఉర్సుకు, గూగూడు పీర్ల పండక్కి, కడప పెద్ద దర్గాకు ఖాందాన్ మొత్తం అందులోనే.

మా దుల్హేభాయ్ కూడా అలాంటి పాత వ్యాన్ ఒకటి తీసుకున్నారు, అమ్మీ కోసం. అమ్మీకి డెబ్బై ఆరేళ్లు. మోకాళ్లు పోయాయి, బస్సులో రెండు గంటలు కూర్చుంటే మూడోరోజు దాకా మంచం దిగదు. ఆమె అడిగింది ఒక్కటే, కడప అమీన్ పీర్ దర్గా జియారత్ ఇంకోసారి చేయించమని. "నేను పోయేలోపు" అని ఆ మాటకు తోక కూడా తగిలించింది. అమ్మీలు ఇలాంటివి అడిగేప్పుడు ఎప్పుడూ తోక తగిలిస్తారు.

ముందు ఒకసారి పిల్లలతో వెళ్లి చూసొచ్చారు దుల్హేభాయ్. పోయేటప్పుడు పులివెందుల మీదుగా హాయిగా పోయింది. వచ్చేటప్పుడు మాత్రం రాయచోటి మీదుగానే రావాలి, అక్కడ మా ఖాలా ఇల్లుంది. ఖాలాను పలకరించకుండా వేరే దారిలో ఇంటికి చేరడం మా ఖాందాన్‌లో తలాఖ్ కంటే పెద్ద విషయం. కడప నుంచి రాయచోటి వైపు వస్తే గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. సగం ఎక్కేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటింది. వెనక లారీల వరస, హారన్లు, మలుపులో ఆపిన బండి, ఏడుస్తున్న పిల్లలు. చల్లారేదాకా గంటసేపు చక్రాల కింద రాళ్లు పెట్టి కూర్చున్నారు.

ఇంటికొచ్చాక ఒక షాపులో చూపిస్తే, పంపు స్క్రూ తిప్పి నాజిళ్లు పెద్దవి వేస్తే పక్షిలా ఎగురుతుందన్నారట. ఖర్చా కూడా చెప్పారు. దుల్హేభాయ్ సగం ఒప్పుకొని నాకు ఫోన్ చేశారు. నేను మెకానిక్‌ని కాను. కానీ మా అబ్బా ఉస్తాద్. నలభై ఏళ్లు డీజిల్ బండ్లే చేశారు. నా బచ్‌పన్ ఆయనకు పానాలు అందించడంలో గడిచింది. ఏ నంబరు పానా అడుగుతారో ముందే పసిగట్టడం నేర్చుకున్నాను, బిగించడం మాత్రం రాలేదు.

అబ్బా ఇప్పుడు చేతులు వణుకుతాయి కాబట్టి షెడ్డుకు పోరు. కానీ సంగతి వినగానే మొదట అడిగింది ఇంజన్ గురించి కాదు. "వజన్ ఎంత?" అన్నారు. ఎవరికీ తెలియదు. "ముందు ధర్మకాటా ఎక్కించండి" అన్నారు.

ఎక్కించాం. మనుషులు, సామాన్లు, నీళ్లు, ప్లైవుడ్, క్యారియర్ అంతా కలిపి 4 టన్నులు పైనే తేలింది. ఆ చిట్టీ చూసి అబ్బా నవ్వలేదు, తిట్టలేదు, పెన్సిల్ తీశారు.

ఆ హిసాబ్ మీకూ చెబుతాను, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. 100 మీటర్లు నడిస్తే 6 మీటర్లు పైకి లేచే రోడ్డు అనుకోండి. 4 టన్నుల బండి దాని మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఎత్తు కోసమే దాదాపు 26 హార్స్ పవర్ కావాలి. టైర్లు రోడ్డును రాసుకునే దానికి ఇంకో ఆరేడు. మొత్తం 33 దాకా. అదే 60 వేగంతో ఎక్కాలంటే రెట్టింపు, పైగా గాలి ఆపే బలం వేరే. మన పాత డీజిల్ వ్యాన్లలో చాలావాటికి ఉన్నది మెర్సిడెస్ వాళ్ల ఓఎం 616 కుదురు నుంచి వచ్చిన 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్. 1973లో జర్మనీలో 240 డి అనే కారులో వచ్చింది అది, మన దగ్గర మాటడార్లు, టెంపోలు లాగింది. దాని తాఖత్ కొత్తలో 70కి అటూ ఇటూగా హార్స్ పవర్. అంటే 30 వేగానికి దానికి తాఖత్ పుష్కలం, 60కి చాలదు. అర్ధ టన్ను వజన్ దించితే ఆ చఢాయీలోనే, ఆ 30 వేగంలోనే, సుమారు 4 హార్స్ పవర్ మిగులుతుంది. ఏ షాపూ అంత చౌకగా ఇవ్వదు.

దుల్హేభాయ్‌కి ఇది నచ్చలేదు. "మరి ట్రాక్టర్ ఎలా లాగుతుంది మామూ?" అన్నారు. మంచి సవాలే. మా జిల్లాలో ఎండాకాలం వస్తే కళ్ల ముందు రోజూ జరిగేదే. బోర్లు ఎండిపోయిన ఊళ్లకు ట్రాక్టర్లు 5,000 లీటర్ల ట్యాంకర్లు లాగుతాయి. నీళ్లే 5 టన్నులు, ఇనుము అదనం. ఆ ట్రాక్టర్ ఇంజన్ 45 హార్స్ పవర్ ఉంటే గొప్ప. మరి 70 ఉన్న వ్యాన్ ఎందుకు ఆయాసపడుతుంది? జవాబ్ గేర్లలో ఉంది. ట్రాక్టర్ చిన్న గేరులో మనిషి నడక వేగంతో పోతుంది. వేగం వదులుకున్నంతా చక్రం దగ్గర లాగే బలంగా మారుతుంది. మనకు ఆ సబ్ర్ ఉండదు. మూడో గేరులో 40 కొట్టాలని చూస్తాం, ఇంజన్ గుడగుడలాడుతుంది, అప్పుడు ఇంజన్‌కు దమ్ లేదంటాం.

మా దుల్హేభాయ్ బండికి ఇంకో సంగతి బయటపడింది. ముందున్న యజమాని ఎవరో అందంగా కనిపిస్తుందని పెద్ద సైజు టైర్లు వేయించారు. టైరు పెద్దదైతే ప్రతి గేరూ కొంచెం బరువెక్కుతుంది, రెండో గేరు మూడో గేరులా నడుస్తుంది. అసలు సైజు టైర్లకు మార్చడమే సగం పని. చూడటానికి బండి ఒక అంగుళం కుదించుకుపోయినట్టుంది, మా మేనల్లుడు రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

ఇక పంపు స్క్రూ సంగతి. దమ్ అంటే ఉర్దూలో ఊపిరి, దమ్ అంటేనే బలం. డీజిల్ ఇంజన్ విషయంలో ఈ రెండూ నిజంగానే ఒకటి. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని గట్టిగా నొక్కితే అది ఎర్రగా కాగుతుంది, ఆ కాకలోకి నూనె చిమ్మితే దానంతటదే మండుతుంది. ఎంత నూనె మండాలన్నది ఎంత గాలి ఉందన్న దాని మీదే. స్క్రూ తిప్పితే పెరిగేది నూనె, గాలి కాదు. కాసేపు బండి చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, అబద్ధం కాదు. ఆ తర్వాత మిగిలిన నూనె నల్లపొగై వెనక నుంచి పోతుంది, సైలెన్సర్‌లోకి పోయే వేడి పెరుగుతుంది, ఘాట్‌లో పది నిమిషాలు ఒత్తితే పిస్టన్ నెత్తి మీదికొస్తుంది. నల్లపొగ చూసి తాఖత్ అనుకునే వాళ్లు మనలో ఇంకా ఉన్నారు. అబ్బా దాన్ని పర్సులోంచి లేచే పొగ అంటారు.

గాలిని ఎక్కువగా నెట్టే దారి ఉంది, అదే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుచి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. పొగ బయటికి పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అది ఇంకో చక్రంతో గాలిని లోపలికి తోస్తుంది. టర్బోతో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన ఇంజన్ కొనడం వేరు. టర్బో లేని పాత ఇంజన్‌కు తర్వాత తగిలించడం వేరు. పిస్టన్లు, గ్యాస్కెట్, నూనె సరఫరా, చల్లదనం అన్నీ దానికి తగ్గట్టు ఉండాలి. ఆ ఖర్చాతో ఇంకో బండే వస్తుంది.

ఉన్న గాలినే మనం బండికి సరిగా అందనివ్వం. మా పీఠభూమిలో వేసవిలో 42 డిగ్రీలు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి నూటికి ఐదు పాళ్లు పలచన. టర్బో లేని ఇంజన్ ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక పాలు తాఖత్ పోగొట్టుకుంటుంది, కాబట్టి 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్ మీదికి చేరేసరికి అదే ఇంజన్ నీరసంగా ఉంటుంది. ఇది ఖుదా ఇచ్చిన లెక్క, మనం మార్చలేం. కానీ ఎయిర్ ఫిల్టర్ మన చేతిలోది. దుల్హేభాయ్ బండిలో ఫిల్టర్ తీసి విదిలిస్తే వేరుశనగ పొలం మట్టి పిడికెడు రాలింది. నాజిళ్లు పెద్దవి వేయించలేదు, ఉన్నవే పరీక్ష చేయించాం. నాలుగింటిలో ఒకటి చిమ్మడం మాని కారుతోంది. పంపును ఊహతో తిప్పకుండా క్యాలిబ్రేషన్ బెంచి మీద పెట్టించి కంపెనీ కొలతకు తెప్పించాం. క్లచ్ ప్లేటు అరిగింది, మార్చాం.

మరి ముల్లు ఎర్ర గీత ఎందుకు దాటింది? నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇక్కడే. రేడియేటర్ విప్పితే లోపల తెల్లగా గట్టిపడిన ఉప్పు. మన టీ గిన్నె అడుగున పేరుకునేదే. అనంతపురం బోరు నీళ్లలో ఫ్లోరైడ్, సున్నం ఎంతెంత ఉంటాయో మన పళ్లు, మోకాళ్లు చెబుతాయి. ఆ నీళ్లే ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోశారు. ఇంజన్ వేడి నీళ్లలోకి దిగకుండా మధ్యలో ఆ ఉప్పు గోడ. శుభ్రం చేయించి, డిస్టిల్డ్ నీళ్లు, కూలెంట్ పోయించాం. అమ్మీ మోకాళ్లనూ బండినీ ఒకే బోరు దెబ్బకొట్టిందని నేనంటే అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత ఇంట్లో గొడవ. క్యారియర్, ట్యాంకు, ప్లైవుడ్ తీసేద్దామంటే ఆపా ఒప్పుకోలేదు. దారిలో వుజూకి నీళ్లెక్కడివి అంది. కదిరిలో, రాయచోటిలో మస్జిదులు లేవా అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మన ఇష్టానికి మార్చకూడదు. సీట్లు పీకడం కూడా ఆ కిందికే వస్తుంది. రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది దాన్నే. తొమ్మిది మంది ప్రాణాలు దుల్హేభాయ్ చేతిలో అమానత్. తవక్కుల్ చేసేముందు ఒంటెను కట్టేయమని మనకు చిన్నప్పుడే నేర్పారు కదా. చివరికి సీట్లు మళ్లీ బిగించారు. వెనక పొడుగు బెంచీ సీటు అమ్మీ ఒక్కదానికే. సామాన్లకు వెనక చిన్న ట్రాలీ తగిలిద్దామని దుల్హేభాయ్ ఒక ఆలోచన చేశారు కానీ అబ్బా దాన్ని అక్కడే ఆపేశారు. బ్రేకులు లేని ట్రాలీని ఎక్కేటప్పుడు బండి లాగుతుంది, దిగేటప్పుడు అది బండిని తోస్తుంది. వంట కూడా వద్దనుకున్నాం, రాయచోటిలో ఖాలా ఉంది కదా.

రాయచోటి నుంచి కడపకు ఈ ఘాట్ దిగేవాళ్లకు అబ్బా చెప్పమన్నది ఇది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, న్యూట్రల్ చేయకండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలి, కింది మలుపు దగ్గర అసలు అవసరమైనప్పుడు పట్టవు. గువ్వలచెరువు ఘాట్ ప్రమాదాల వార్తలు మీరూ చదివే ఉంటారు.

పోయిన నెల అమ్మీని తీసుకెళ్లాం. జియారత్ అయింది, ఫాతెహా అయింది, అమ్మీ గలేఫ్ ముందు ఎంతసేపు కూర్చుందో ఎవరూ టైం చూడలేదు. అస్ర్ తర్వాత ఘాట్ మొదలైంది. ఏసీ ఆపేశారు, కిటికీలు తెరిచారు. రెండో గేరు, గంటకు పాతిక, ముప్పై. లారీలు మమ్మల్ని దాటాయి, ఒక ఆటో కూడా దాటింది. దుల్హేభాయ్ చెయ్యి రెండుసార్లు గేరు రాడ్ మీదికి పోయింది. వెనక నుంచి అబ్బా గొంతు సవరించుకునేసరికి వెనక్కి వచ్చింది. ముల్లు సగం దగ్గరే నిలబడింది. అమ్మీ తస్బీహ్ తిప్పుతూ పడుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నాం.

పైన గువ్వలచెరువులో కోవా దుకాణాల ముందు బండి ఆగగానే కళ్లు తెరిచింది. షుగర్ మనిషి. "నాకు అరకేజీ, రాయచోటికి కేజీ" అంది.