ఇటుకల యడవి

స్త్రీవిద్యనుగూర్చి నేను సభలలో మాటలాడితిని, పత్రికలకు వ్రాసితిని. అట్టి నేనే మా అబ్బాయి పుట్టినరోజునకు లెగో ఇటుకల పెట్టెను, అమ్మాయి పుట్టినరోజునకు ఏటికొప్పాక లక్కపిడతలను కొని తెచ్చితిని. అందు తప్పున్నదని నాకు తోచనేలేదు.

అమెరికాలోనున్న మా తమ్ముడు వర్మాంటు రాష్ట్రపు శరత్కాలపుటడవి ఛాయాచిత్రము నొకదానిని పంపెను. మేపుల్ చెట్లన్నియు ఎఱుపు, పసుపు, నారింజవన్నెలతో మండుచున్నట్లుండెను. శిశిరమున మన చెట్లు మోడులగుట చూచిన పిల్లలకు ఇది వింత. ఆ అడవిని ఇటుకలతో కట్టవలెనని పూనుకొనిరి. అబ్బాయి గంటలో విసిగి లేచిపోయెను. తొమ్మిదేండ్ల అమ్మాయి మూడు దినములు కదలలేదు.

మొదటి చెట్టు తల బరువై కూలినది. మా యింటి ప్రక్క తాపీమేస్త్రి గోడ కట్టుట ఆమె చూచియుండెను. అతుకుమీద అతుకు రానీయక ఇటుకలను పేర్చి, మొదలు వెడల్పు చేసి, మ్రానును నిలిపెను. ఇది నేను నేర్పినది కాదు.

"ఆకులకు ఈ రంగులు ఎక్కడినుంచి వస్తాయి, నాన్నగారూ?" అని యడిగెను. పగళ్లు తగ్గి చలి ముదిరినపుడు ఆకులోని పత్రహరితము నశించును. ఎఱుపు చాలవఱకు అప్పుడు పుట్టునది. పసుపు మాత్రము ముందునుండి యున్నదే, పచ్చదనము మాటున మనకు కానరాదు అని చెప్పితిని. చెప్పుచుండగనే నా మాట నాకే తగిలినది.

ఈ ఇటుకలు డెన్మార్కు దేశమున బిల్లుండ్‌లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి నెలకొల్పిన సంస్థవి. ఇవి 1958లో నేటి రూపము దాల్చినవి. ఎనిమిది బొడిపెలుగల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధముల కూర్పవచ్చునట! అందొక్కటియైనను మగపిల్లలకు మాత్రమే యని యెవరును వ్రాసిపెట్టలేదు. మా యింట వ్రాసినవాడను నేనే.

అడవి పూర్తియైనది. చెట్లక్రింద రాలిన ఆకులనుకూడ పఱచి, ఆమె నావైపు చూచి, "ఇక దీన్ని విప్పి అన్నయ్య పెట్టెలో పెట్టేయాలా?" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

సోదరీసోదరులారా! మన యుపన్యాసములు మన గడప దాటి లోనికి వచ్చినవో లేదో తెలియవలెనన్న, పిల్లల యాటసామానులను చూడుడు. మా పెట్టెమీద ఇప్పుడు ఇద్దఱి పేళ్లును ఉన్నవి. చెల్లెలి పేరు ముందు వ్రాసినవాడు అన్నయే.