పసుపు ప్యాడ్‌ను నమ్మొచ్చా?

కారు పాలిష్ చేసే ఫోమ్ ప్యాడ్‌ను రంగు చూసి కొనేవాళ్లను చూస్తే నాకు కాస్త భయమే. లేక్ కంట్రీ కంపెనీవాళ్ల పసుపు ప్యాడ్ గీతల్ని గట్టిగా కోసే రకం. రూపెస్‌వాళ్ల పసుపు మెత్తగా మెరుగు పెట్టేది. అందుకే వేళ్లతో నొక్కి చూస్తాను. బిర్రుగా ఉంటే కోతకు, మెత్తగా అణిగితే నునుపుకు. (ఇదీ పూర్తి పరీక్ష కాదులెండి, ప్యాడ్‌కు రాసే కాంపౌండ్ మారితే అదే ప్యాడ్ తీరు మారుతుంది.)

కారు మీది క్లియర్ కోట్ మందం మామూలుగా 50 మైక్రాన్ల చుట్టుపక్కలే. గీత పోవడమంటే దాని చుట్టూ ఉన్న ఆ పొర అరగడమే. అందుకని ముందు మెత్తనిదే తీస్తాను. గీత మొండికేస్తేనే గట్టిది. నల్ల కారైతే మరీనూ, గట్టి ప్యాడ్ వదిలిన మసక ఎండలో ఇట్టే బయటపడుతుంది.

ఇక పాలిషింగ్ మెషీన్‌కుండే 5 అంగుళాల ప్లేటుకు 5.5 అంగుళాల ప్యాడ్ వేస్తే, ప్లేటు అంచు బంపర్ మలుపులకు తగలకుండా చుట్టూ మిగిలే పావంగుళమే కాస్తుంది.