అవ్వకు అంకితం

దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా చిన్నబాపు కొడుకు సబ్బులు, సెంట్లతో పాటు ఒక పాత రీలు తెచ్చాడు. గాలపు దారం చుట్టేది, ఎవరో వాడి వదిలేసింది. పెట్టెలో నలిగి దాని ఫ్రేము ఒంగింది. తిప్పినప్పుడల్లా స్పూలు ఒక పక్క గీసుకుంటోంది. "పెద్దబాపుకు చూపెట్టు పెద్దమ్మా, బాగుచేస్తడు" అని గొల్లపల్లి మండలంలోని మా ఇంట్లో ఇచ్చిపోయాడు.

బాపుకు చూపు మందగించి రెండేళ్లయింది. రీలును అవ్వే ముందేసుకుని కూర్చుంది. ముందు దారమంతా విప్పేసింది. నైలాన్ దారం బిగించి చుడితే, సాగిన దారం మళ్లీ కుదించుకుంటూ స్పూలు అంచులను బయటికి నెడుతుంది. తర్వాత మరలు విప్పి, పక్క రేకు, స్పూలు తీసి, వట్టి ఫ్రేమును అద్దం పలక మీద పెట్టింది. ఎక్కడ ఆడుతోందో, ఏ సందులోంచి వెలుతురు కనిపిస్తోందో చూసింది. అక్కడ కొయ్యముక్క ఆనించి చేత్తో కొద్దికొద్దిగా వంచింది. నేను సుత్తి అందించబోతే ఆపింది.

"రేకుదైతె వంగుతది బిడ్డా, పోత పోసిందైతె పలుగుతది. ముందుగాల అదేందో తెల్సుకోవాలె."

వంచడం, స్పూలు పెట్టి తిప్పి చూడటం, మళ్లీ తీయడం. పొద్దుగూకే వేళకు స్పూలు చప్పుడు లేకుండా తిరిగింది.

తమ్ముడు వచ్చి "పెద్దబాపు చెయ్యి పడితె అంతే" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. "చేసింది అవ్వ" అన్నాను కోపంగా. "పెద్దమ్మ సాయం పట్టిందా?" అని నవ్వాడు.

ఆ రాత్రి నా థీసిస్ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మీద అందులో ఒక అధ్యాయం ఉంది. స్త్రీల పనిని సాయంగా లెక్కేస్తే చరిత్రలోంచి వాళ్లే తప్పిపోతారని అందులో వాదించాను. మొదటి పేజీలో అంకితం మాత్రం ఇలా ఉంది: "చేపలు పట్టి చదివించిన బాపుకు, ఆయనకు తోడున్న అవ్వకు."

ఆ చేపలను తట్టలో ఎత్తుకుని ఊరూరా తిరిగి అమ్మింది అవ్వ. చినిగిన వలలు అల్లింది అవ్వ. నా ఫీజు పైసలు కొంగు ముడిలోంచే వచ్చాయి. అదంతా 'తోడు' అన్న ఒక్క మాటలో సర్దేసింది నేనే. ఇక తమ్ముడి మీద కోపం దేనికి?

పొద్దున అవ్వకు అంకితం చదివి వినిపించాను. "మంచిగనే ఉంది గదా" అంది. కాసేపాగి, "నేనేం జేసిన్నో రాయకపోతివి" అంది.

థీసిస్ లైబ్రరీకి చేరింది, మార్చలేను. అందుకే అవ్వ ఆ రోజు చేసిన పనిని చేసిన వరసలో ఇక్కడ రాశాను.