చల్లటి ఇంజను

అమ్మీకి కూర్చుంటే నడుం పట్టేస్తుంది. గంటన్నర దాటితే పడుకోవాల్సిందే. అందుకే నాలుగేళ్ళుగా ఏ సఫరూ లేదు. నెల్లూరు బారా షహీద్ దర్గాకి వస్తానని మొక్కుకుంది, కడప అమీన్ పీర్ దర్గా చూడాలంటుంది, గుల్బర్గా బందా నవాజ్ దగ్గర ఒక్క జుమ్మేరాత్ గడపాలంటుంది. మన్నత్‌లు పెరుగుతున్నాయి, మోకాళ్ళు అరుగుతున్నాయి. ఈ ముచ్చట్లన్నీ విని దుల్హాభాయ్ తెచ్చిన తజ్వీజే ఆ వ్యాన్.

2017 మోడల్ ఫోర్స్ ట్రావెలర్. ఏపీ 16 నంబరు, తెల్ల బోర్డు. వెనక సీట్లు పీకేసి ప్లైవుడ్‌తో ఇద్దరు పడుకునే మంచం కట్టించారు. కింద సామాన్లు పెట్టుకునే అరలు, పక్కన నీళ్ళ ట్యాంకు, చిన్న స్టవ్వుకి బల్ల. అమెరికాలో ఉండే మా ఖాలా కొడుకు ఫోటో చూసి, ఇక్కడ వీటిని ఆర్వీలంటారు భాయ్, రిటైరయిన ముసలాళ్ళు ఇళ్ళమ్ముకుని ఇందులోనే తిరుగుతారు అన్నాడు. మన కైకలూరోళ్ళకి ఆ పేరు తెలియదు గానీ పని కొత్తది కాదు. శబరిమలకి, తిరుపతికి, దర్గాలకి వంట సామాను వేసుకుని బయలుదేరే బళ్ళు ఈ దారిలో ఎన్ని చూడలేదు!

అడిగింది ఏడు లక్షల ఇరవై వేలు. నా చీటీ డబ్బులు మూడున్నర. మిగతాది అమ్మీ కంగన్లు. అవి మా నానీ ఇచ్చినవి. అమ్మీ ఏమీ అనకుండా తీసి రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ రుమాలు బీరువాలో పెట్టి తాళం వేసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

అమ్మేది దుల్హాభాయ్‌కి బాగా తెలిసిన పెద్దాయన. గుడివాడ వైపు మనిషి. ఐదు పూటలా మొదటి సఫ్‌లో నిలబడతాడు. మేస్త్రిని తీసుకెళ్ళి చూపిస్తానంటే దుల్హాభాయ్ మొహం మాడ్చుకున్నాడు. "ఆయన జబాన్ మీద ఎతబార్ లేదా? పెద్దమనిషి ముందు బండి విప్పి చూస్తే మన ఇజ్జత్ ఏం కావాలి?" అన్నాడు. అమ్మీయే సర్ది చెప్పింది. "నిఖా ముందు పిల్లని చూడమా బేటా, అందులో బేఇజ్జతీ ఏముంది?"

మా మేస్త్రి చేపల లారీల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. కైకలూరు నుంచి హౌరాకి చేప ఎక్కించుకుని వెళ్ళే లారీ దారిలో ఆగిందంటే ఐసు కరిగిపోతుంది, సరుకు మొత్తం పోతుంది. అందుకని ఆయనకి 'చూద్దాంలే, నడుస్తుందిలే' అన్న మాట తెలియదు. ముందురోజు రాత్రే ఫోను చేయించాడు. "మనం వెళ్ళేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి భాయ్. ఇంజను చల్లగా ఉండాలి."

ఆదివారం ఫజర్ నమాజ్ అయ్యాక ముదినేపల్లి మీదుగా బయలుదేరాం. రంజాన్ పండగ వెళ్ళి రెండు వారాలు. ఏడింటికల్లా ఆయన గుమ్మంలో ఉన్నాం. సలాములు, షర్బత్, ఖైరియత్‌లు. మేస్త్రి మాత్రం షర్బత్ పుచ్చుకోకుండా నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. నా వైపు చూశాడు. వేడిగా ఉంది.

"పొద్దున్నే కడిగి నీడలో పెట్టాలని కాస్త తిప్పాను" అన్నాడు పెద్దాయన.

"పర్లేదండీ, చల్లారేదాకా కూర్చుంటాం" అన్నాడు మేస్త్రి, ఎంతో మర్యాదగా. ఉదయాన్నే మొదటిసారి తిప్పినప్పుడే డీజిల్ ఇంజను నిజం చెబుతుందట. బ్యాటరీ నీరసం, స్టార్ట్ కావడానికి పట్టే సమయం, మొదటి పొగ రంగు, అన్నీ అప్పుడే. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే నీళ్ళు లోపలికి దిగుతున్నాయేమోనని షక్ పడాలి. కాస్త నడిపి వేడెక్కించిన బండి ఇవన్నీ దాచేస్తుంది.

ఆ రెండు గంటలూ ఆయన ఊరికే కూర్చోలేదు. ఆర్‌సీ అడిగాడు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది, వచ్చిన అంకెలు ఒక్కొక్కటీ నాతో పైకి చదివించాడు. సరిపోయాయి. నేను ఫోనులో ఎంపరివాహన్ తీసి నంబరు కొట్టాను. మూడో ఓనరు. పెద్దాయన పేరు మీదికి మారింది డిసెంబరు 2024లో. ఫైనాన్స్ ఏమీ లేదు. అంతకుముందు ఓనరు అప్పు తీర్చినా, ఫైనాన్సు కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్‌సీలో ఆ రాత కొట్టేయించకపోతే రేపు మన పేరుకి మారదు. అమ్మేటప్పుడు 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకోవడం మాత్రమే చాలామందికి తెలుసు. ఇన్సూరెన్సు కొత్తది, నవంబరు నుంచి మొదలయింది. దాని ముందు పాలసీ కాగితం ఉందా అంటే, ఎక్కడో ఉంది అన్నాడు.

సీట్లు పీకేసిన సంగతి దగ్గర ఇంకో పేచీ. ఆర్‌సీలో పన్నెండు సీట్లు, లోపల ఐదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని ఇలా మార్చాలంటే ఆర్టీవో ఇజాజత్ కావాలి, ఆర్‌సీలో రాయించాలి. లేకపోతే ఏదైనా ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సువాడు ఆ మంచాన్నే చూపించి పేచీ పెడతాడు. మనకి అక్కర్లేనప్పుడు అద్దెకి తిప్పుకోవచ్చులే అని దుల్హాభాయ్ ముందునుంచీ అంటున్నాడు. తెల్ల బోర్డు బండిని అద్దెకి తిప్పితే కూడా అదే తంటా.

మేస్త్రి టైర్ల పక్కన గొంతుక్కూర్చుని, అక్కడ అచ్చువేసిన నాలుగంకెలు నాకు చూపించాడు. 4124. అంటే 2024లో 41వ వారం తయారీ. నాలుగూ అవే. "ఎనభై ఆరు వేలు తిరిగిన బండికి నాలుగూ ఒకేసారి కొత్తవి. సీటు గుడ్డలు కొత్తవి. కింద మ్యాటు కొత్తది" అని గొణిగాడు. నాకది మాషా అల్లా అనుకోవాల్సిన విషయంలా అనిపించింది. ఆయనకి అనిపించలేదు.

డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు. మామూలుగా మనం లాగేది మూరెడు. ఆ తర్వాత చుట్టలో ఉండిపోయే భాగం ఎవరి కంటా పడదు. అక్కడ పట్టీ రంగు మారింది. గోధుమరంగు గీత, వేలితో రుద్దితే పొడి రాలింది. సీటు కింద బోల్టులకి తుప్పు. ఫ్యూజు పెట్టె మూత తీస్తే రాగి కాళ్ళకి పచ్చటి చిలుము. మంచం ప్లైవుడ్ పైన నున్నగా ఉంది, కింది అంచు ఉబ్బి పొరలు విడిపోయింది.

"డోర్ ప్యాడ్ ఒకటి విప్పనిస్తారా?" అని అడిగాడు. పెద్దాయన దుల్హాభాయ్‌ని చూశాడు. దుల్హాభాయ్ నన్ను చూశాడు. నేను నేల చూశాను. చివరికి సరేనన్నాడు. నాలుగు స్క్రూలు తీసి ప్యాడ్ లాగితే, లోపల రేకు మీద జానెడు ఎత్తున మట్టి గీత. ఆ మట్టిలో ఎండిపోయి జుట్టులా అంటుకున్న గుర్రపుడెక్క వేరు.

ఎవరం మాట్లాడలేదు. ఈ ప్రాంతంలో ఆ వేరు గుర్తుపట్టని మనిషి ఉండడు. బుడమేరులో ఉంటుంది, కొల్లేటిలో ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడి, రోజుల తరబడి ఇళ్ళనీ బళ్ళనీ ముంచి, ఆ నీళ్ళే దిగి మన కొల్లేటికి వచ్చాయి. ఆ నీళ్ళలో బళ్ళు చాలానే మునిగాయి. కొన్నిటికి ఇన్సూరెన్సు వాళ్ళు మొత్తం నష్టం కింద డబ్బు కట్టి, ఉన్నవి ఉన్నట్టు వేలం వేస్తారు. కొన్నవాళ్ళు కడిగి, ఆరబెట్టి, కొత్త గుడ్డ తొడిగి రోడ్డెక్కిస్తారు. అలా కొనడం తప్పు కాదు. అది చెప్పకుండా అమ్మడమే.

ఇంజను చల్లారాక స్టార్ట్ చేశారు. ఒక్క కొట్టుకే అందుకుంది, పొగ కూడా శుభ్రం. దుల్హాభాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "ఇంజను బాగు చేసుంటారు భాయ్. భయం దానితో కాదు. నీళ్ళు తాగిన వైరింగు ఇవాళ పోదు, ఆరు నెలలకి పోతుంది. రాత్రిపూట హైవే మీద హెడ్‌లైట్లు ఒక్కసారిగా ఆరిపోతాయి. ఆల్టర్నేటరు, చక్రాల బేరింగులు, బ్రేకు బూస్టరు... ఏది ఎప్పుడు అని ఎవడూ చెప్పలేడు. వెనక మంచం మీద మీ అమ్మగారు పడుకుని ఉంటారు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకూ చెప్పలేదు బేటా. నేనూ మోసపోయినవాణ్ణే" అన్నాడు. అది నిజమే కావచ్చు. పొద్దున్నే ఇంజను ఎందుకు వేడి చేశాడో అల్లాకే తెలుసు. కాసేపటికి లక్షన్నర తగ్గించాడు. తిరిగి వచ్చేటప్పుడు దుల్హాభాయ్ దారంతా, ఐదు డెబ్భైకి ట్రావెలర్ ఎక్కడొస్తుంది, వైరింగు మొత్తం మార్చుకుందాం అంటూనే ఉన్నాడు. నా మనసూ ఒకటి రెండుసార్లు లెక్క వేసింది, అబద్ధమెందుకు. ఆ రుమాలు గుర్తొచ్చి ఆపేసింది.

మస్జిద్‌లో మనం ఎన్నిసార్లో విన్న సంగతి ఒకటుంది. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిందట. వాన పడిందని చెప్పుకున్నాడు అమ్మేవాడు. ఆ తడిసినదేదో జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని అడిగారట. వాన పడటం అతని తప్పని అనలేదు. ఇంట్లో అందరికీ ఇదే వివరించాను, డోర్ ప్యాడ్ విప్పిన వైనం నటించి మరీ చూపించాను. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. నాకు బాగానే అనిపించింది.

అమ్మీ అంతా విని, చాయ్ గ్లాసులు తీస్తూ అడిగింది. "నీ స్కూటర్ కూడా మునిగింది కదరా, సింగ్‌నగర్‌లో? దాన్ని ఏం చేశావు?"

దెప్పడానికి కాదు, నిజంగానే గుర్తొచ్చి అడిగింది. అమ్మేశాను అన్నాను. ఆవిడ తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మేశాను. ఆ వరదలో నేను అద్దెకుంటున్న ఇంటి ముందు నా స్కూటర్ అద్దాల దాకా మునిగి మూడు రోజులుంది. నీళ్ళు తీశాక ఆయిలు రెండుసార్లు మార్పించి, కడిగించి, సీటు కవరు కొత్తది వేయించి, నవంబరులో ముప్ఫై ఒక్క వేలకి ఒక కుర్రాడికి ఇచ్చాను. డెలివరీ పని చేసుకునే పిల్లాడు. అతను అడిగింది ఒక్కటే, "అన్నా, ఏం ప్రాబ్లం లేదుగా?" నడిపి చూసుకో తమ్ముడూ అన్నాను. అది అబద్ధం కాదని అప్పుడు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఎంత తెలివిగా జవాబిచ్చానో! సామాన్లు పోయాయి, ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాం, మజ్బూరీలో ఉన్నాం. అవన్నీ నిజమే. అతనికి అవి కూడా చెప్పలేదు.

ఇషా తర్వాత ఫోనులో పాత నంబరు వెతికి పట్టుకున్నాను. మొదట గుర్తుపట్టలేదు. బండి సంగతి అనగానే, "అదా అన్నా, జనవరిలో ఇచ్చేశాను. ఊరికే ఆగిపోయేది. రెండుసార్లు ఆర్డర్లు పోయాయి" అన్నాడు. ఎవరికి అంటే ఆకివీడులో ఎవరో ఆయనకి, ఇరవై ఆరుకి. మునిగిందని చెప్పావా అని అడగబోయి ఆగిపోయాను. ఏ మొహంతో అడగను? అసలు అతనికి చెప్పిందెవరు? ఉన్న విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు చెప్తున్నావేంటన్నా" అన్నాడు, కోపంగా కూడా కాదు. నష్టపోయిన ఐదు వేలు పంపిస్తానన్నాను. వద్దనలేదు. పంపాక ఆకివీడు ఆయన నంబరు మెసేజ్ పెట్టాడు.

వ్యాన్ కొనలేదు. ఈ ముహర్రంలో విజయవాడ వెళ్ళి రైలెక్కి, కింద బెర్తులో అమ్మీని పడుకోబెట్టి, నెల్లూరు తీసుకెళ్ళాం. స్వర్ణాల చెరువు మెట్ల మీద రొట్టె చేతులు మార్చుకుంది. కంగన్లు మళ్ళీ వేసుకోమంటే, బండి ఇంకోటి చూస్తావుగా, ఉండనీ అంది. రుమాలు ఇంకా బీరువాలోనే ఉంది.

ఆకివీడు ఆయనకి మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తాడు. చేపల మేత కొట్లో పనట. స్కూటర్ నడుస్తోందా అంటే, నడుస్తోంది గానీ సాయంత్రాలు లైటు ఆరిపోతోంది, మీకెందుకు అన్నాడు. వచ్చి చెబుతానన్నాను. ఆ ఆదివారమే మేస్త్రిని వెనక ఎక్కించుకుని బయలుదేరాను. ఆయన తన పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొంటున్నారా భాయ్?"

"లేదు. అది నా బండే."

"మరి ఏం చూడాలి?"

"వైరింగు" అన్నాను.