అద్దాల రవిక

స్కూలు వార్షికోత్సవం అంటే మూడు తప్పవు. అధ్యక్షులవారి ఉపన్యాసం, బహుమతి ప్రదానం, లంబాడి డాన్సు. ఐదో తరగతి ఆడపిల్లలు ఎనిమిది మంది, అద్దె దుకాణం నించి తెచ్చిన పరికిణీలు, మోచేతులు దాటే తెల్ల ప్లాస్టిక్ గాజులు. తల్లులందరం ముందు వరసలో కూర్చుని మురిసిపోతాం. సినిమావాళ్ళ సంగతి సరేసరి. కొండల్లో పాట అనేసరికి నాయిక ఆ బట్టల్లోనే ప్రత్యక్షమవుతుంది. ఆ బట్టలు నిజంగా కట్టుకునే మనిషి ఎక్కడుంటుంది, ఆ అద్దాలు ఎవరు కుట్టారు అన్న అనుమానం మనకి రానే రాదు. రావలసిన అవసరం మాత్రం ఏముంది, డాన్సు బాగుంది కదా!

మా అనంతపురం వైపు మాత్రం ఆ అనుమానం రాక తప్పదు. గుత్తి దగ్గర, గొల్లలదొడ్డి పక్కన సేవాగఢ్ అనే చోటుంది. లంబాడీలు (మా వైపు సుగాలీలంటాం) దేవుడిగా కొలిచే సంత్ సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న అక్కడ పుట్టాడని వాళ్ళ నమ్మకం. ఏటా ఆ తేదీకి అక్కడ పెద్ద జాతర. కర్ణాటక నించి, మహారాష్ట్ర నించి, తెలంగాణ నించి బస్సుల్లో, జీపుల్లో దిగుతారు. సేవాలాల్‌కి తెల్లజెండా, మేరమ్మ తల్లికి ఎర్రజెండా. నెయ్యీ బెల్లం వేసి వండింది అగ్నిలో సమర్పిస్తారు. దాన్ని భోగ్ అంటారు. ఆ పొగ వాసన దూరానికే ఆకలి పుట్టిస్తుంది.

గిన్నెడు నీళ్ళు రూపాయికి అమ్మే రోజు వస్తుందని సేవాలాల్ ఆనాడే చెప్పాడని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట నాకు చెప్పిన పెద్దాయన పక్కనే ఒక కుర్రాడు మంచుపెట్టెలో నీళ్ళసీసాలు పెట్టుకుని ఇరవై రూపాయలకి అమ్ముతున్నాడు. సేవాలాల్ ధర కాస్త తక్కువ చెప్పాడు గానీ మాట మాత్రం తప్పలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకపోతే లేదు మరి. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేరు తర్వాత మాదే అని అనంతపురంలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. లంబాడీల పూర్వులు ఆ రాజస్థాన్ వైపు నించే వచ్చారంటారు. వాళ్ళ భాషకి అక్కడి భాషలతో చుట్టరికం ఉంది కూడా. ఎంత నడిచీ ఎండలోంచి ఎండలోకే వచ్చారన్నమాట!

ఇంకో చిన్న సంగతి. వాళ్ళని వాళ్ళు 'గోర్' అనుకుంటారు. మనందరికీ కలిపి 'కోర్' అని పేరు పెట్టారు. ఇన్నాళ్ళూ వాళ్ళని మనం వింతగా చూస్తున్నామనుకున్నాం గానీ, వాళ్ళ లెక్కలో మనదీ ఒక తెగే!

ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు వీళ్ళు. సైన్యాలు ఎటు కదిలితే అటు తిండిగింజలు మోశారు. లవణం అనే మాట నించే లంబాడీ వచ్చిందనేవాళ్ళున్నారు. రైలొచ్చింది, రోడ్లొచ్చాయి, ఎద్దు మీద ఉప్పు ఎవరికి కావాలి? బతుకు పోయింది చాలక, తెల్లదొరలు 1871లో చేసిన చట్టం కింద ఎన్నో సంచార తెగలతో పాటు వీళ్ళకీ నేరస్థ జాతి అన్న ముద్ర పడింది. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. అప్పటికి చాలామంది కొండల అంచున తండాలు కట్టుకుని మెట్టచేలు దున్నుకుంటున్నారు. ఇంత తిరిగినా, ఇంత పోగొట్టుకున్నా ఒక్కటి మాత్రం వదల్లేదు. అదే ఆడవాళ్ళ ఒంటి మీది కుట్టుపని.

జాతరలో వేపచెట్టు కింద కూర్చున్న ఒక అవ్వ రవిక చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. కాంచళి అంటారు దాన్ని. అసలు గుడ్డ ఏ రంగుదో తెలియనంతగా కుట్టు. గవ్వలు, అద్దాలు, పూసలు, పాత నాణేలు. చెంపల పక్కన జుట్టుకి వేలాడే వెండి కుచ్చులు. వాటిని ఘూగ్రీ అంటారు. మన మంగళసూత్రంలాగా పెళ్ళయిన ఆడదానికి అది గుర్తు.

"నువ్వే కుట్టుకున్నావా అవ్వా?" అన్నాను.

"మా యాడి మొదలుపెట్టింది, నేను ముగిచ్చినా పాపా" అంది. యాడి అంటే అమ్మ. నలభై దాటిన నన్ను పాపా అన్నందుకే ఆవిడ పక్కన చతికిలబడ్డాను.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"నాళ్ళు లెక్కబెట్టుకోని ఎవరు కుడతారు? మాపటిపూట సంగటి తిని కూచుంటాంటిమి. యాడి ఒకపక్క, మేనత్త ఒకపక్క. పాటలు పాడుకుంటా, ఒకర్నొకరు ఎగతాళి చేసుకుంటా కుడతాంటిమి."

"మరి ఇప్పుడు మీ కోడలు కుడుతుందా?"

"కోడలు బెంగుళూర్లో ఉంది. మొగుడూ పెండ్లామూ ఇండ్లు కట్టే పనికి పోయినారు. పిల్లోళ్ళు నాకాడుండారు. ఈ పాపకు నేర్పుదామంటే నాకు సూది బెజ్జం కనపడదు" అని పక్కనున్న మనవరాలి నెత్తిన చెయ్యేసింది.

మనవరాలి ఒంటి మీదా లంబాడి బట్టలే. అంగట్లో కొన్నవి. మిషను కుట్టు, ప్లాస్టిక్ అద్దాలు. "ఇదే బాగుంది, తేలిగ్గా ఉంది" అందా పిల్ల నాతో, అవ్వకి వినపడేలాగానే. తప్పేం లేదు. అవ్వ రవిక చేతిలోకి తీసుకుంటే రుబ్బురోలు పొత్రంలా బరువు. ఆ ఎండలో ఆ బరువు మొయ్యమని ఆ పిల్లకి చెప్పడానికి మనమెవరం? మనం పట్టుచీర పెట్టెలో దాచి నైటీలో తిరగడం లేదూ?

నన్ను కలవరపెట్టింది బట్టలు కావు, ఆ సాయంకాలాలు. కరువంటే పనుండదు కదా, పని లేకపోతే కుట్టుకోడానికి బోలెడు తీరిక కదా అని ఎవరైనా అనొచ్చు. పని లేకపోవడం వేరు, తీరిక వేరు. రేపటికి గింజలు ఇంట్లో ఉన్నాయన్న ధీమా ఉంటేనే మనిషి తీరిగ్గా సూదిలో దారం ఎక్కించుకునేది. వేరుశనగ ఎండిపోయి, అప్పు నెత్తిన కూర్చున్నాక తల్లి బెంగుళూరు బస్సెక్కుతుంది. బస్సులో ఆవిడతో పాటు ఆ కుట్టూ వెళ్ళిపోతుంది, ఆ పాటలూ వెళ్ళిపోతాయి. కరువు నష్టం అంచనా వెయ్యడానికి వచ్చినవాళ్ళ కాగితాల్లో ఎకరాలకి గడి ఉంటుంది, ఇలాంటి వాటికి ఉండదు.

లంబాడీల పాటల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. శ్రావణంలో తీజ్ అని తొమ్మిది రోజుల పండగ చేస్తారు. పెళ్ళికాని పిల్లలు చిన్న బుట్టల్లో మట్టీ ఎరువూ నింపి గోధుమలు చల్లి, పాటలు పాడుతూ నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. ఎక్కడో విన్నట్టుంది కదూ? మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు చల్లడం లేదూ, అలాగే! తొమ్మిదో రోజున మొలకల్ని పెద్దల తలపాగాల్లో పెట్టి, బుట్టల్ని నీళ్ళలో కలుపుతారు. తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో పూటపూటకీ ఆ బుట్టలకి నీళ్ళు తెచ్చిపోసే పిల్ల మనసులో ఏముంటుందో ఆలోచించండి. ఎండిపోయిన చేను ఒకపక్క, తన చెంబెడు నీళ్ళతో పచ్చబడ్డ బుట్ట ఒకపక్క.

ఇక పెళ్ళి పాటలు. పెళ్ళికూతుర్ని అలంకరించిన ఎద్దు మీద నిలబెడతారు. ఆ పిల్ల చేతులెత్తి తన తండాకి, తనవాళ్ళకి వీడ్కోలు పాడుతుంది. ఏడుపూ పాటా కలిసిపోయిన ఆ పాడటం పెద్దవాళ్ళ దగ్గర ముందే నేర్చుకోవాలి. మనం అప్పగింతలప్పుడు నేర్చుకోకుండానే ఏడుస్తాం కాబట్టి అది కళ కాలేదు కాబోలు! ఇప్పుడు పెళ్ళి కాకుండానే తండాకి తండా వీడ్కోలు చెప్తోంది. ఎద్దు లేదు, పాట లేదు. తెల్లవారుజామున బస్సు హారన్ మోగుతుంది, అంతే.

అలా అని ఏడుస్తూ కూర్చుంటే లాభమేముంది? మా జిల్లా పొలిమేర దాటితే బళ్ళారి, ఆ జిల్లాలో సండూరు. అక్కడి కుశల కళాకేంద్రంలో లంబాడీ స్త్రీలు కూలి తీసుకుని ఈ కుట్టే కుడుతున్నారు. ఆ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ-20 సాంస్కృతిక సమావేశాలు జరిగినప్పుడు 450 మందికి పైగా స్త్రీలు చేసిన 1755 వస్తువుల్ని ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డయింది. రికార్డు గొప్పే. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచింది, సూదికి కూలి గిట్టడం. కూలి గిట్టిన తల్లి బస్సెక్కాల్సిన పని ఉండదు. ఆమె ఇంట్లో ఉంటే పిల్ల పక్కన చేరుతుంది, పిల్ల పక్కనుంటే పాట దానంతటదే వస్తుంది.

జాతర ఒక్కరోజు. వేదిక మీద నాయకుల ప్రసంగాలయ్యాక మిగిలిన పది నిమిషాల్లో నాట్యం, చప్పట్లు. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ ఆ కళ ఎక్కడ బతుకుతుందో, సంగటి వండే పొయ్యి దగ్గరో మరెక్కడో, అక్కడ గింజలూ నీళ్ళూ ఉండాలి. ఆ ఏర్పాటు చెయ్యడం ప్రభుత్వం వంతు. మన వంతు మనకీ ఉంది. అద్దాల సంచీ కొనేటప్పుడు 'చేత్తో కుట్టిందా?' అని అడుగుతాం, అవునంటే వెంటనే సగానికి బేరమాడతాం. ఆ రెండో మాట దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగుదాం. ఆ సగంలోనే ఏదో ఒక తండాలో ఒక తల్లీ కూతుళ్ళ సాయంకాలం ఉంటుంది.