బలాటన్ ఒడ్డు నుంచి అక్కకు

బలాటన్‌ఫ్యూరెడ్, గురువారం రాత్రి

అక్కా,

అమ్మకి చదివి వినిపించడానికి ఉత్తరమే కావాలన్నావు గనక రాస్తున్నా. ఫోన్లో చెబితే ఆవిడకి సగం వినపడదు, మిగతా సగం నువ్వు కోసేస్తావు. కళ్ళు మూతలు పడుతున్నాయి, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

బుడాపెస్ట్‌లో దేలీ స్టేషన్లో రైలెక్కేటప్పుడే శ్రావ్య చెప్పింది, ఎడమవైపు కూర్చోండి, చెరువు అటే వస్తుందని. ఈయన వింటేగా! ఎండ పడుతుందని కుడివైపు కూర్చున్నారు. సెకేష్‌ఫెహెర్వార్ దాటిన కాసేపటికి ఎడమవైపు నీళ్ళు మొదలయ్యాయి. ఇక దిగేదాకా నిలబడే ఉన్నారు. చెరువు అనడమే గానీ బలాటన్ పొడవు 77 కిలోమీటర్లు. అంత నీటికీ సగటు లోతు మూడు మీటర్లు దాటి కాస్త, అంతే. దక్షిణపు ఒడ్డున పిల్లలు నడిచి నడిచి లోపలికి పోయినా నడుము దాకానే ఉంటుందట. మేమున్నది ఉత్తరపు ఒడ్డు.

ఎండ మండిపోతోంది. జులై నెలలో యూరప్ చల్లగా ఉంటుందని నాలుగు స్వెట్టర్లు సర్దించిన బావని ఒకసారి ఇక్కడికి తెచ్చి ఈ గదిలో కూర్చోబెట్టాలి. ఒక టేబుల్ ఫ్యాను ఉంది, అది ఈయన వైపే తిరుగుతుంది.

సాయంత్రం చల్లబడ్డాక ఊరి నడుమ ఉన్న ద్యోద్ తేర్ అనే చౌకుకి వెళ్ళాం. ఈ ఊరికి జనం రావడం మొదలైందే అక్కడి నీళ్ళ వల్ల. స్తంభాల మంటపం కింద కొళాయిలోంచి ఊట నీళ్ళు వస్తుంటాయి, ఎవరైనా పట్టుకోవచ్చు, డబ్బు లేదు. ముసలాళ్ళు సంచుల్లో సీసాలు తెచ్చి నింపుకుంటున్నారు. పుల్లగా, సోడాలా గ్యాసుతో, వెనకనించి తుప్పు రుచి. ఈయన ఒక గుక్క తాగి, మన బోరు నీళ్ళే నయం అన్నారు. నేను గ్లాసుడు తాగాను. చౌకులోనే గుండె ఆసుపత్రి ఉంది, మ్యూజియం కాదు, నిజంగా పనిచేసేదే. బెంచీల మీద నీలం రంగు గౌన్లలో పేషెంట్లు కూర్చుని ఐస్‌క్రీము తినేవాళ్ళని చూస్తున్నారు. బావ గుర్తొచ్చాడు.

శుక్రవారం, గాలివాన ఆగాక

పొద్దున్నే టాగూర్ షేతాన్య్‌లో నడిచాం. ఒడ్డు వెంబడి పెద్ద పెద్ద చెట్ల నీడలో పోయే దారి, మన టాగూరు పేరే. మేం ఇండియా వాళ్ళమని తెలియగానే మేం దిగిన ఇంటామె కూడా మొదట అన్న మాట ‘టాగోర్’ అనే.

సంగతేమిటంటే, 1926లో ఆయన యూరప్ అంతా తిరుగుతూ ఉపన్యాసాలిచ్చి అలిసిపోయి బుడాపెస్ట్‌లో జబ్బు పడ్డాడు. డాక్టర్లు ఇక్కడి శానిటోరియానికి పంపారు. కోలుకున్నాక నవంబరు 8న ఒడ్డున ఒక లిండెన్ మొక్క నాటాడు. ఆ ముందురోజు తేదీతో, ఈ ఊరి పేరుతో ‘లేఖన్’ అనే చిన్న కవితల పుస్తకానికి ముందుమాట రాశాడు. మొక్క నాటడం అప్పటినించీ ఆనవాయితీ అయింది. ఇటలీ కవి క్వాసిమోదో, 1959లో నోబెల్ వచ్చినాయన, గుండె జబ్బుతో వచ్చి 1961లో ఒకటి నాటాడు. ఇందిరాగాంధీ 1972లో ఒకటి. చెట్ల మొదట్లో రాతి పలకల మీద పేర్లు చదువుకుంటూ పోతుంటే, మనవాళ్ళ పేరు వచ్చినప్పుడల్లా ఈయన ఆగి ఫోటో తీయమన్నారు, ఆ చెట్టు తనే నాటినట్టు చెయ్యి వేసి మరీ.

నాకు మాత్రం మనూరే మెదిలింది. 1919లో ఆయన మదనపల్లెకి వచ్చి, మన బిసెంట్ కాలేజీలోనే కదా, జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది! అదీ గాక గాలి మంచిదని క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం కట్టిందీ మన పక్కనే. అంటే మనదీ ఆరోగ్యం కోసం జనం వెతుక్కుంటూ వచ్చిన ఊరే, మనకీ ఆయన వచ్చాడు. వీళ్ళు కొన్నాళ్ళే ఉన్న అతిథిని ఊరి ముఖద్వారంలో నిలబెట్టుకున్నారు. మనం ఇద్దరం అదే కాలేజీలో చదివాం. ఆయన ఏ గదిలో కూర్చున్నాడో మనకి ఒక్క మాస్టరైనా చూపించిన గుర్తుందా నీకు? నాకైతే లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఒడ్డున స్తంభం మీద ఒక నారింజ దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి హెచ్చరికట. నిమిషానికి 45 సార్లు వెలిగితే మొదటి హెచ్చరిక, ఒడ్డుకి దగ్గర్లోనే ఈదాలి. 90 సార్లు వెలిగితే రెండోది, నీళ్ళలో ఎవరూ ఉండకూడదు. ఈయన వాచీ చూసుకుంటూ లెక్కపెట్టారు. ‘నలభై నాలుగే వచ్చింది’ అంటుండగానే దీపం జోరందుకుంది. లోతు తక్కువ నీళ్ళు కదా, గాలి తగిలితే చాలు, ఇట్టే కెరటాలు లేస్తాయి. పావుగంటలో లేత ఆకుపచ్చ నీళ్ళు బూడిద రంగుకి తిరిగాయి. తెరచాప పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి రేవులోకి దూరాయి. మేం ఒక పుస్తకాల కొట్టు చూరు కింద తడిసి ముద్దయ్యాం. ఇప్పుడు గొంతు నొప్పి, ఒళ్ళంతా సలుపు. మిరియాల కషాయం పెట్టేవాళ్ళు లేరు. అమ్మకి ఈ ముక్క చదవకు.

శనివారం, మధ్యాహ్నం

ఇవాళంతా లేవకుండా పడుకుందామనుకున్నా, ఆకలి లేపింది. లాంగోష్ తిన్నాను. చెయ్యి పట్టనంత పిండి ముద్దని సాగదీసి, కాగే నూనెలో వేసి, రెండువైపులా ఎర్రగా అయ్యాక తీస్తారు. అంచులు కరకర, నడుమ మెత్తన. వెల్లుల్లి నానిన నీళ్ళు బ్రష్‌తో పులిమి, పుల్లటి మీగడ పరిచి, దాని మీద తురిమిన చీజు కుప్పలు పోస్తారు. కాగితంలో చుట్టి చేతికిస్తే వేళ్ళు కాలతాయి, అయినా ఆగలేం. మీగడ మోచేతి దాకా కారింది. శ్రావ్య బ్యాగులోంచి ఎరోష్ పిష్టా అనే సీసా తీసింది. అదేమిటో చెప్పనా, ఉప్పు వేసి రుబ్బిన ఎర్ర మిరపకాయల ముద్ద, చింతపండు లేని మన పండుమిరప పచ్చడే. జలుబు సగం అక్కడే దిగింది. వీళ్ళూ మనమూ మిరపకాయ, టమోటా రెండూ అమెరికా నుంచి వచ్చినవే తింటూ మావే అనుకుంటాం. అయినా సంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి పెడితే ఈ లాంగోష్‌ని తోసేసి కూర్చుంటా.

తిన్నాక గొడవ. పైన గుడ్డ పందిరి ఉన్న నాలుగు చక్రాల తొక్కుడు బండి గంటకి అద్దెకి తీసుకున్నాం. ఈయన చెప్పు తెగి పది నిమిషాలు ఆలస్యమైంది. బండివాడు రెండో గంట మొత్తం ఇమ్మన్నాడు. శ్రావ్య వచ్చీరాని హంగేరియన్లో బతిమాలింది. ఈయన తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, మార్కెట్ యార్డులో టమోటా బాక్సు దగ్గర అరిచే గొంతుతో అచ్చ తెలుగులో, ‘పది నిమిషాలకి గంట డబ్బులేందయ్యా, అన్యాయం’ అన్నారు. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ చెప్పు మాత్రం అర్థమైనట్టుంది. కొట్టడానికి ఎత్తాడనుకున్నాడేమో, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆఖరికి అరగంటకి తెగింది. మిగిలిన ఫోరింట్లతో తండ్రీ కూతుళ్ళు ఐస్‌క్రీము తిన్నారు, నా గొంతు నొప్పి ముందే కూర్చుని.

తిహాన్య్‌కి కూడా పోయొచ్చాం. 1055లో స్థాపించిన మఠం, కొండ మీంచి చెరువు. లావెండర్ కోసేశారు.

ఆదివారం

రాత్రి అన్నా బాల్. ఈ ఊరికి జులైలో ఇంత జనం రావడానికి కారణం అదే. 1825లో హోర్వాత్ అనే జమీందారు తన కూతురు అన్నా పేరుదినానికి విందు పెట్టి నాట్యం ఏర్పాటు చేశాడు. ఆ పిల్లకి అక్కడే కిష్ ఎర్నో అనే సైనికాధికారి పరిచయమయ్యాడనీ, పెళ్ళి చేసుకున్నారనీ చెబుతారు. 1848 తిరుగుబాటులో అతను హంగేరీ సేనాని అయ్యాడు, మరుసటి ఏడాది అక్టోబరు 6న అరాద్‌లో మరణశిక్ష వేసిన 13 మందిలో అతనొకడు. అమ్మాయి పేరుతో పండగ మాత్రం నిలిచిపోయింది. టికెట్టు మన వల్ల అయ్యేది కాదు, హోటల్ బయట జనంలో నిలబడ్డాం. మొదటిసారి నాట్యానికొచ్చే అమ్మాయిలు తెల్ల గౌన్లలో జతలు జతలుగా లోపలికి వెళ్ళారు. ఈయన ‘పెళ్ళిచూపులే కదా ఇదంతా’ అన్నారు. శ్రావ్య మొహం చూడాల్సింది! నువ్వు పోయినవారం పంపిన ఆ తిరుపతి సంబంధం సంగతి ఆ చూపుతోనే తేలిపోయింది, ఇక ఎత్తకు.

అర్ధరాత్రి దాటాక మంటపం దగ్గర కొళాయికి వెళ్తే, తెల్ల గౌను పిల్ల ఒకతి బెంచీ మీద చెప్పులు విప్పుకుని కూర్చుని, మడమకి ప్లాస్టరు అంటించుకుంటోంది. పక్కన గౌను అంచు పట్టుకుని వాళ్ళ నానమ్మ కాబోలు, పుల్లనీళ్ళు తాగుతోంది. ఇవాళ పొద్దున బాల్ రాణిని గుర్రపు బండిలో ఊరంతా తిప్పారు. నాకైతే నచ్చింది ఆ బెంచీ మీది పిల్లే.

ఇంటామె అంటుంది, ఆగస్టులో ఇదే టాగూర్ దారిలో వైన్ పందిళ్ళు వేస్తారు, 20వ తేదీ పండగ దాటితే ఊరు ఖాళీ అవుతుంది, చలికాలంలో చెరువు గడ్డ కడితే స్కేటింగ్ చేస్తారు అని. మళ్ళీ వస్తే సెప్టెంబరులో వస్తాను. జనమూ ఉండరు, ఫ్యానూ అక్కర్లేదు.

గొంతు తగ్గింది. బావకి చెప్పు, స్టెంట్ వేయించుకుని మంచం మీద కూర్చుంటే లాభం లేదు, పొద్దున్నే కాలేజీ దాకా నడవమను. మంగళవారం చెకప్ వాయిదా వేయనీయకు. రిపోర్టు ఫోటో తీసి శ్రావ్యకి పంపు.

నీ చెల్లెలు